జాలి లేకుండా జార్జ్ లూయిస్

జార్జ్ లూయిస్ (1900–1968) గురించి చాలామంది పేదరికం దగ్గరే ఆగిపోతారు. న్యూ ఆర్లీన్స్ రేవులో సరుకు మోసిన మనిషి. 1944లో ఛాతీకి దెబ్బ తగిలి మంచాన పడ్డాడు. ఇద్దరు మిత్రులు బాంజో, బేస్ పట్టుకుని ఇంటికే వచ్చారు. బిల్ రస్సెల్ రికార్డింగ్ యంత్రం తెచ్చాడు. అలా పుట్టింది ‘బర్గండీ స్ట్రీట్ బ్లూస్’.

కథ బాగుంది. కథ తెలియకపోతే ఆ రికార్డు నిలబడుతుందా? నిలబడుతుందనే అంటాను. క్లారినెట్‌పై ఒక చిన్న సంగతినే తిప్పి తిప్పి వాయిస్తాడు. ప్రతిసారీ చివర్లో ఏదో కాస్త మారుతుంది. శ్రుతి అక్కడక్కడా జారుతుంది, నిజమే. అతన్ని స్వచ్ఛమైన పాతకాలం మనిషిగా కొలిచినవాళ్లూ, మోటు వాయిద్యమని తోసేసినవాళ్లూ ఒక విషయం ఒప్పుకోలేదు: ఆ స్వరాలు అతను ఎంచుకున్నవి.

జాలి పక్కనపెట్టి ఒక్కసారి వినండి. ఎక్కడ ఆగాలో తెలిసిన వాద్యకారుడు వినిపిస్తాడు.