రెండు చేతుల పట్టు

ధర్మవరంలో కొత్త వార్పు మగ్గానికి ఎక్కించేటప్పుడు పాత వార్పు కొసల్ని తీసేయరు. వేల పోగుల్ని మళ్లీ అచ్చులోంచి ఒక్కొక్కటిగా దూర్చడం ఎవరి తరం? ప్రతి పాత పోగుకూ ఒక కొత్త పోగును కలిపి, బూడిద అద్దుకున్న వేళ్లతో మెలిపెట్టి అతికేస్తారు. నేను చూసినామె నాతో మాట్లాడుతూ, మధ్యమధ్య వీధిలోకి చూస్తూనే అతుకుతోంది. "కన్నెందుకన్నా, వేలికి తెలుస్తాది" అంది.

తెలుస్తుంది మరి. వేలిని కదిలిస్తూ తడిమితే కేవలం 13 నానోమీటర్ల ఎత్తున్న గరుకును కూడా మనిషి పసిగట్టగలడని 2013లో స్వీడన్ పరిశోధకులు తేల్చారు. పట్టుపోగు దాని ముందు మోకు. కిటుకంతా కదలికలోనే ఉంది. ఊరికే ఆనించి ఉంచిన వేలికి కాసేపటికి ఏమీ తెలియదు. చర్మం నొక్కుకున్నప్పుడు నరాల కొసల్లో పీజో2 అనే ప్రోటీన్ తెరుచుకుని కబురు పంపుతుంది. వానల్లేక సేద్యం వదిలి మగ్గం పట్టినవాళ్లకు మొదటి చిక్కు ఇక్కడే: చెనిక్కాయ చెట్లు పీకి పీకి కాయలు కాసిన చేతికి పట్టు తగులుకుంటుంది, పోగు లేస్తుంది.

ఇదే పోగు పుట్టిన చోట చేతి కథ వేరు. హిందూపురం మార్కెట్లో అమ్ముడైన పట్టుగూళ్లు రీలింగుకు, అంటే పోగు తీయడానికి, వెళ్తాయి. చరఖా దగ్గర, మరిగే నీళ్లలో ఉడుకుతున్న గూళ్ల కొసల్ని వేళ్లతోనే వెతికి పట్టాలి. వేడి 43 డిగ్రీలు దాటితే టీఆర్‌పీవీ1 అనే మరో ప్రోటీన్ తెరుచుకుంటుంది. సంగట్లోకి ఊరిమిండి నంజుకున్నప్పుడు నోట్లో తెరుచుకునేదీ అదే. శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ దాన్ని పట్టుకున్నది కూడా మిరప ఘాటుతోనే. ఆయనకూ, పీజో2ను కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌కూ కలిపి 2021లో నోబెల్ ఇచ్చారు.

తాకిన కబురు మందపాటి నరాల్లో సెకనుకు యాభై మీటర్ల పైచిలుకు పరుగెడుతుంది. సలిపే మంట సన్నటి నరాల్లో సెకనుకు మీటరు చొప్పున నడిచొస్తుంది. అందుకే నీళ్లు తగిలాయని ముందు తెలుస్తుంది, మంట తర్వాత అందుకుంటుంది. చెయ్యి రుద్దుకుంటే కాస్త నయమనిపించడానికి మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో కారణం చెప్పారు: రుద్దిన కబుర్లు వెన్నుపాములో నొప్పి కబురుకు అడ్డం పడతాయట. మళ్లీ చెయ్యి నీళ్లలో పెట్టాల్సినవాళ్లకు అది ఎంతసేపని?

రీలింగులో చేతిని మరిగే నీళ్ల నుంచి తప్పించే ఆటోమేటిక్ యంత్రాలు వచ్చాయి. వాటికి ప్రభుత్వం ఎంత సబ్సిడీ ఇచ్చినా తక్కువే అంటాను. మిల్లుల్లో పోగులు ముడేసే యంత్రాలూ ఉన్నాయి. అవి ధర్మవరం మగ్గాల ఇళ్లలోకి వస్తే నాకు కొంచెం దిగులే. అయితే వార్పుకింతని కూలి తీసుకునేది పోగులు అతికే ఆమె, నేను కాదు.