సైరన్ మోగినా ఆగని పాఠం

యుక్రెయిన్ దర్శకురాలు కటెరీనా గోర్నొస్తాయ్ తీసిన ‘టైమ్‌స్టాంప్’ 2025 బెర్లిన్ చిత్రోత్సవంలో పోటీపడిన డాక్యుమెంటరీ. యుద్ధంలో ఆ దేశపు బడులు ఎలా నడుస్తున్నాయో చూపిస్తుంది. వ్యాఖ్యానం లేదు, ఇంటర్వ్యూలు లేవు. ఇలా తీయడం ఎంత కష్టమో తెరమీద కనపడదు. కెమెరా ఉందన్న సంగతి పిల్లలు మరిచేదాకా ఓపిక పట్టాలి. గుసగుసలు, బెంచీల కిర్రుమోత, టీచరమ్మ గొంతు దేనికది వినపడేలా మైకులు అమర్చుకోవాలి. సైరన్ మోగితే పిల్లలతోపాటే షెల్టర్‌లోకి దిగి, ఆ మసక వెలుతురులోనే తీయాలి. ఖార్కివ్ నగరంలోనైతే మెట్రో స్టేషన్లలో కూడా తరగతులు. రక్తం ఆగేలా పట్టీ బిగించడం, బిగించిన సమయం రాసిపెట్టడం కూడా పిల్లలకు ఒక పాఠమే! అక్కడ కెమెరా కన్నీళ్ల కోసం వెతకదు, ఆ చిన్న చేతులు పని నేర్చుకోవడాన్ని చూస్తుంది. ఆ నిగ్రహమే నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది. వార్తల్లో మనకు కూలిన బడులే కనపడతాయి. ఈ సినిమాలో లెక్కలు చేసే పిల్లలు, పాఠం ఆపని టీచర్లు కనపడతారు. మన ఉపాధ్యాయులు వీలుచేసుకుని ఈ సినిమా చూడాలి.