రెండు చూపులు, ఒకే పన్ను

ఎక్స్‌రే ఎముకనూ పంటి వేరునూ చూపుతుంది, చిగురు అంచును సరిగా పట్టదు. కెమెరాకు చిగురు తెలుసు, వేరు తెలియదు. 1896లో జర్మనీలో ఒట్టో వాల్‌ఖాఫ్ తన పళ్లకు తీయించుకున్న ఎక్స్‌రేకు 25 నిమిషాలు పట్టింది. నోట్లోనే పన్ను కొలిచే సెరెక్ కెమెరా 1985లో జ్యూరిచ్‌లో వాడుకలోకి వచ్చింది. ఇప్పుడు ఎక్స్‌రేతో తీసే త్రీడీ చిత్రాన్నీ (సీబీసీటీ), కెమెరా చిత్రాన్నీ కంప్యూటర్‌లో ఒకదానిపై ఒకటి కూర్చడంలోనే అసలు పనితనం ఉంది. రెండింటిలోనూ కనిపించే పంటి కొనలే ఆనవాళ్లు. లోహపు తొడుగు ఉన్నచోట సీబీసీటీ చిత్రంలో తెల్లటి చారలు పడి ఆ కొనలు చెదిరిపోతాయి. అప్పుడు నిపుణులు తొడుగు లేని పళ్లను ఏరి, గీతకు గీత కలిసేదాకా చిత్రాన్ని జరుపుతారు. ఎంతో మెచ్చదగ్గ ఓపిక అది. అలా కలిపిన చిత్రంలో, పన్ను బదులు ఎముకలో బిగించే ఇంప్లాంట్, కింది దవడ నరానికి ఎంత ఎడంగా ఆగాలో డ్రిల్ పట్టకముందే తేలిపోతుంది. కెమెరా వల్ల రోగికి అదనపు రేడియేషన్ ఏమీ ఉండదు.