సెలవులకు ఇంటికి వెళ్లనివాళ్లు

‘పెద్దవాళ్లం నలుగురం కూర్చుని చూసేలా మంచి పండగ సినిమా ఏదైనా చెప్పండి’ అని ఈ వారం ఇద్దరు ముగ్గురు పాఠకులు అడిగారు. ఇలా అడిగితే నాకెంత సంబరమో! నా పాత పట్టుదల మీకు తెలిసిందే: పండగ సినిమా అంటే ఇంటినిండా చుట్టాలుండాలి, వంటిల్లు ఘుమఘుమలాడాలి, పంక్తి భోజనం ఉండి తీరాలి.

అయినా ఈసారి చెప్పేది ఖాళీ బడి కథ. అలెగ్జాండర్ పేన్ తీసిన ‘ది హోల్డోవర్స్’. 2023లో వచ్చింది. 1970 క్రిస్మస్ సెలవులు, అమెరికాలో మంచు కప్పేసిన బోర్డింగ్ స్కూలు. అందరూ వెళ్లిపోగా మిగిలింది ఎవరికీ నచ్చని చరిత్ర మాస్టారు, కన్నతల్లి కొత్త భర్తతో హనీమూన్‌కి వెళుతూ వదిలేసిన కుర్రాడు, వంటావిడ మేరీ.

మేం చదివిన హాస్టల్లోనూ సంక్రాంతికి కొందరం మిగిలిపోయేవాళ్లం. మెస్‌లో పెద్ద గుండిగలన్నీ బోర్లించి ఉండేవి. వంటామె చిన్న గిన్నెలో మాకు మాత్రం పరమాన్నం వండేది. ‘కడుపునిండా తినండి నాయనా’ అంటూ కొసరి కొసరి వడ్డించేది. పండక్కి ఆమె పిల్లలు ఊళ్లో ఎదురుచూస్తున్నారన్న సంగతి తర్వాతెప్పుడో వాచ్‌మన్ చెబితే తెలిసింది.

అందుకే ఈ సినిమాలో నా కళ్లు మేరీ మీదే ఉండిపోయాయి. పాల్ జియామటి మాస్టారుగా అద్భుతంగా చేశాడు, కాదనను. కానీ కథకు ప్రాణం మేరీ. ఆమె అక్కడ పనిచేస్తోంది కాబట్టే కొడుకు ఆ డబ్బున్నవాళ్ల బడిలో చదవగలిగాడు. తర్వాత కాలేజీకి డబ్బు చాలక సైన్యంలో చేరి, వియత్నాంలో చనిపోయాడు. కడుపుతో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లి, ఆ కొడుకు పసితనపు బట్టల్ని సొరుగులో సర్దే ఘట్టం ఒకటుంది. అక్కడ ఉపన్యాసాల్లేవు. చేతులే మాట్లాడతాయి. ఆ పాత్రకు డావైన్ జాయ్ రాండాల్ఫ్‌కి ఆస్కార్ వచ్చింది, రాకపోతే అన్యాయమయ్యేది.

పంక్తి భోజనం సంగతంటారా? ఉంది. మేరీ వండిన క్రిస్మస్ విందుకి ఒకరికొకరు ఏమీ కానివాళ్లు కూర్చుంటారు. నిండిన ఇంటిని చూపించే సినిమాలు మనకు బోలెడున్నాయి. ఈ పండక్కి మాత్రం దీన్నే ముందు చూడండి.

రెండుంపావు గంటల సినిమా. బూతు మాటలున్నాయి, మందు ఉంది. పిల్లలు పడుకున్నాక పెట్టుకోండి.