నవ్వు ఎవరి మీద పడుతోంది?

పేరడీ చూసి నవ్వాలంటే అసలుది ముందే తెలిసుండాలి. పటేలు నడక ఎరగనివాడి ముందు పిల్లాడు ఎంత బాగా పటేలులా నడిచినా నవ్వు రాదు. అమెరికావాళ్లు తమ టీవీని, తమ పాత సినిమాలను వెక్కిరిస్తూ తీసిన స్కిట్ల సినిమాల గురించి ఆదివాసీ రచయితల పుస్తకంలో ఎందుకని కొందరు అడగొచ్చు. మేం వాటిని సెల్‌ఫోన్‌లో చూశాం. కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ, అర్థం కానిచోట ఆపి, వెనక్కి తిప్పి చూశాం. సగం జోకులు అందలేదు. అందినవి మాత్రం మమ్మల్ని వదల్లేదు. వాళ్ల టీవీ మనకు తెలియకపోయినా టీవీ మాట్లాడే తీరు మనకు తెలుసు. మన గురించి కూడా అది అలాగే మాట్లాడుతుంది.

మొదటిది ‘ద కెంటకీ ఫ్రైడ్ మూవీ’. 1977లో వచ్చింది. దర్శకుడు జాన్ లాండిస్. రాసినవాళ్లు డేవిడ్ జకర్, జెర్రీ జకర్ అనే అన్నదమ్ములు, వాళ్ల స్నేహితుడు జిమ్ అబ్రహామ్స్. అంతకుముందు ఈ ముగ్గురూ స్టేజీ మీద స్కిట్లు వేసి జనాన్ని నవ్వించినవాళ్లే. సినిమాకు ఒక కథ లేదు, ఒక హీరో లేడు. వార్తలు, ప్రకటనలు, రాబోయే సినిమాల ట్రైలర్లు, టీవీ కోర్టు సీను, ఒకదాని వెనుక ఒకటి వస్తుంటాయి. మధ్యలో బ్రూస్ లీ ‘ఎంటర్ ద డ్రాగన్’ను వెక్కిరించే అరగంట ముక్క ఒకటి ఉంది. అది సాగదీతే. ఆడవాళ్ల ఒంటిని చూపించి నవ్వించబోయిన ముక్కలూ ఉన్నాయి. వాటిని మేం మెచ్చుకోలేం.

కానీ జింక్ ఆక్సైడ్ గురించిన చిన్న ముక్క చూసినప్పుడు టీచర్లుగా ఉలిక్కిపడ్డాం. అది బడిపిల్లలకు చూపించే పాత విజ్ఞాన చిత్రానికి వెక్కిరింత. జింక్ ఆక్సైడ్ లేకపోతే ఈ వస్తువు ఉండదు, ఆ వస్తువు ఉండదు అని ఒక గొంతు గంభీరంగా చెబుతుంటుంది. చెప్పిన వస్తువల్లా ఆ ఇల్లాలి కళ్లముందే మాయమవుతుంది. ఇల్లంతా గల్లంతవుతున్నా చెప్పే గొంతులో మాత్రం తేడా రాదు. మేం టీచర్ ట్రైనింగ్ చదివిన రోజుల్లో ఇలాంటి ఫిల్ములే చూపించారు. గిరిజనుల జీవితం గురించి కూడా ఒకటి చూపించారు. అందులోనూ అదే గొంతు. ‘వీరు అమాయకులు, వీరు నృత్యప్రియులు’ అని చెప్పుకుంటూ పోయింది. గదిలో ‘వీరు’ నలుగురం కూర్చుని ఉన్నాం. మాలో ఎవరికీ నవ్వు రాలేదు. అప్పుడు నవ్వి ఉంటే బాగుండేదని ఈ స్కిట్ చూశాక అనిపించింది.

పేరడీ పనితనమంతా ఇక్కడే ఉంది. అసలుదాన్ని ఉన్నదున్నట్టు దించాలి. ఆ గొంతు, ఆ సంగీతం, ఆ చదువుకున్న నింపాదితనం అన్నీ ఉండాలి. మార్చేది ఒక్కటే. ఆ ఒక్కటి మార్చేసరికి మిగతాదంతా ఎంత డొల్లో బయటపడుతుంది. నటించేవాడు నవ్వితే పని చెడిపోతుంది.

రెండో సినిమా ‘అమెజాన్ విమెన్ ఆన్ ద మూన్’. 1987లో వచ్చింది. లాండిస్‌తో కలిపి ఐదుగురు దర్శకులు. రాత్రిపూట టీవీలో పాత చంద్రమండలం సినిమా ఒకటి వస్తుంటుంది. 1950ల నాటి చవక సెట్లు, చవక వేషాలు. రీలు తెగిపోతుంటుంది, మధ్యలో వేరే కార్యక్రమాలు జొరబడుతుంటాయి. నలుపు తెలుపులో తీసిన ‘అదృశ్య మానవుడి కొడుకు’ ముక్క వీటిలో ఒకటి. ఒకడు మందు తాగి తాను ఎవరికీ కనబడటం లేదనుకుని బట్టలు విప్పి తిరుగుతాడు. అందరికీ కనబడుతూనే ఉంటాడు. పాపం, వాళ్లు వాడి మాట కాదనలేక కనబడనట్టే నటిస్తారు. మన కథ దీనికి తలకిందులు. మనం బట్టలు కట్టుకుని, చదువుకుని, ఎదురుగా నిలబడ్డా కనబడం. ఈకలు పెట్టుకుంటేనే కనబడతాం.

మేం పదేపదే చూసింది మరో ముక్క. బి.బి. కింగ్ అనే పెద్ద నల్లజాతి గాయకుడు, గిటార్ విద్వాంసుడు, స్వయంగా తెరమీదికి వచ్చి విరాళం అడుగుతాడు. కరువు బాధితుల కోసమో రోగుల కోసమో టీవీలో జాలిగా అడుగుతారే, అచ్చం అలాగే. ఎవరి కోసమంటే, ‘సోల్’ లేకుండా పుట్టిన నల్లవాళ్ల కోసమట! సోల్ అంటే నల్లవాళ్ల రక్తంలోనే ఉంటుందని లోకం అనుకునే పాట, ఊపు. ఆ లోపం ఉన్న అభాగ్యుడిగా డేవిడ్ అలన్ గ్రియర్ అనే నల్లజాతి నటుడు వేశాడు. చక్కగా దుస్తులు వేసుకుని, తెల్లవాళ్ల ఇళ్లలో వినిపించే మెత్తటి పాటలు ఏ ఊపూ లేకుండా తియ్యగా పాడుతుంటాడు. పాపం, అతన్ని ఆదుకోవాలి!

ఇందులో నవ్వు ఎవరి మీద పడింది? పాడేవాడి మీద కాదు. ‘మీ రక్తంలోనే పాట ఉంది’ అనే పొగడ్త మీద పడింది, జాలిపడే టీవీ మీద పడింది. ‘అడవిబిడ్డలు కదా, డాన్స్ వాళ్ల రక్తంలోనే ఉంది’ అనే మాట మనం ఎన్ని సభల్లో విన్నాం! డాన్స్ రాని కోయపిల్లలను మేం ఏటా చూస్తున్నాం. వాళ్లకు లెక్కలు వస్తాయి. వాళ్ల కోసం ఎవరైనా విరాళాలు సేకరించాలేమో.

అయితే ఈ నవ్వు ప్రతిసారీ అంత గురిగా పడదు. మొదటి సినిమాలోనే ప్రమాదాలకు ఎదురెళ్లే సాహసవీరుల టీవీ కార్యక్రమం మీద ఒక స్కిట్ ఉంది. తెల్లవాడొకడు హెల్మెట్ పెట్టుకుని నల్ల యువకుల గుంపు దగ్గరికి వెళ్లి, వాళ్లను కించపరిచే తిట్టు ఒకటి అరిచి పరుగెత్తుతాడు. వెక్కిరింత వాడి సాహసం మీదే, సరే. కానీ ఆ యువకులు అక్కడ మనుషులు కారు, ‘ప్రమాదం’ మాత్రమే. అదే ముగ్గురు రచయితలు 1980లో తీసిన ‘ఎయిర్‌ప్లేన్!’ చూడండి. 1957 నాటి ‘జీరో అవర్!’ అనే విమానం సినిమాను ముక్కముక్కగా పట్టుకుని వెక్కిరించారు. గొప్పగా చేశారు. అందులో హీరో హీరోయిన్లు ఆఫ్రికాలో ఒక తెగ దగ్గరికి సేవ చేయడానికి వెళతారు. ఆడవాళ్లకు ప్లాస్టిక్ డబ్బాల గొప్పతనం చెబుతారు, మగవాళ్లకు బాస్కెట్‌బాల్ నేర్పుతారు. డబ్బాలు పంచే దొరతనం మీద పడిన నవ్వు మాకు నచ్చింది. కానీ బంతి చేతికి రాగానే ఆ తెగవాళ్లు పుట్టు ఆటగాళ్లయిపోతారు. ‘రక్తంలోనే ఉంది’ అనే మాట మళ్లీ వచ్చేసింది. విమానం సినిమాను విరిచినవాళ్లు అడవి సినిమాను మాత్రం విరగ్గొట్టకుండా వాడుకున్నారు.

మన దగ్గర 2012లో ‘సుడిగాడు’ వచ్చింది. తమిళంలో వచ్చిన ‘తమిళ్ పడం’కు రీమేక్. భీమనేని శ్రీనివాసరావు తీశారు, అల్లరి నరేష్ వేశారు. తెలుగు హీరో ఎలా పుడతాడో, ఎలా పెరుగుతాడో, ఎలా కొడతాడో అన్నిటినీ ఎగతాళి చేసింది. కడుపుబ్బ నవ్వాం. కానీ మన పాత సినిమాల్లో హీరోకు మారువేషం కావాలంటే కోయదొర వేషం ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఈకలు, పూసలు, వంకర తెలుగు, సోది. ఆ వేషంలో జాతకం చెప్పే మనిషిని మా గూడేల్లో మేం ఎన్నడూ చూడలేదు. ఆ వేషాన్ని మళ్లీ వేసి నవ్వించిన టీవీ స్కిట్లు ఎన్నో చూశాం. ఆ వేషాన్నే ఎగతాళి చేసిన స్కిట్ ఒక్కటీ చూడలేదు. ఎవరికి గుచ్చుకుంటే వాళ్లే ముల్లు తీసుకోవాలి కాబోలు.

వేరేవాళ్లను అనేముందు మా సంగతి చెప్పాలి. బడి వార్షికోత్సవానికి, జిల్లా పోటీలకు ‘ట్రైబల్ డాన్స్’ అని పిల్లలకు ఆకులు కట్టింది మేమే. ముఖాలకు రంగు పూసిందీ మేమే. ఆ పాట సినిమాది, ఆ వేషం సినిమాది. రేలా పాడగల అవ్వలు ఊళ్లోనే ఉన్నా వాళ్లను పిలవలేదు. బహుమతి వచ్చింది, ఫొటో దిగాం.

గత ఏడాది హాస్టల్ పిల్లలు మాకు చెప్పకుండా స్కిట్ ఒకటి కట్టారు. ఎనిమిదో తరగతి అమ్మాయి టీవీ విలేకరి. వంటింటి గరిటె మైకు. గూడెంలో తాతను పట్టుకుని ‘మీరు ఎలా ఉన్నారు?’ అని అడిగింది. తాత వేషం వేసిన కుర్రాడు పోడు భూమి గురించి, పట్టా కోసం తిరిగిన ఆఫీసుల గురించి కోయభాషలో రెండు నిమిషాలు ఆగకుండా చెప్పాడు. పక్కనున్న అనువాదకుడు తాపీగా, ‘చాలా సంతోషంగా ఉన్నానంటున్నాడు’ అన్నాడు. అమ్మాయి కెమెరా వైపు తిరిగి, అచ్చం టీవీ గొంతుతో, ‘చూశారుగా, ఎంత స్వచ్ఛమైన మనుషులో!’ అంది. ముగ్గురిలో ఎవరూ నవ్వలేదు. నేల మీద కూర్చున్న తల్లిదండ్రులు పడిపడి నవ్వారు. కుర్చీల్లో కూర్చున్నవాళ్లలో కొందరికి కోయ రాదు. వాళ్లు ఏం జరిగిందని పక్కవాళ్లను అడగాల్సి వచ్చింది.

ఆ పిల్లలు జాన్ లాండిస్ పేరు వినలేదు. టీవీని మాత్రం బాగా చూశారు, తాతలను ఇంకా బాగా చూశారు. ఈ ఏడాది ఆకులు కోయడం లేదు. గరిటె ఇవ్వమని వంటామెకు ముందే చెప్పిపెట్టాం.