ఆసా గ్రే ప్రవాహ దృష్టాంతము

గడియారమును జూచి దానిని చేసినవానిని ఊహించునట్లు, కంటి నిర్మాణమును జూచి సృష్టికర్తను ఊహింపవలెనని విలియం పేలీ 1802లో వాదించెను. ఆంగ్లదేశపు ఆస్తికులకు అర్ధశతాబ్దికి పైగా ఇది గొప్ప యాధారముగ నుండెను. 1859 నవంబరు 24వ తేదీన వెలువడిన ఛార్లెస్ డార్విను గ్రంథము, జాతుల పుట్టుకను వివరించుచు, ఈ యాధారమును కదలించినది. సంతానమున స్వల్పభేదములు పుట్టుచుండును; జీవనసంగ్రామమున అనుకూలభేదములు గలవి నిలుచును; తక్కినవి నశించును. ఈ ప్రకృతివరణము సుదీర్ఘకాలము సాగుటచేతనే కన్ను వంటి యవయవము రూపొందునని డార్విను సిద్ధాంతము. ఇక సృష్టికర్త సంకల్పమునకు తావెక్కడ?

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పబూనినవారిలో అగ్రగణ్యుడు, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రాచార్యుడైన ఆసా గ్రే (1810–1888). అతడు డార్వినునకు మిత్రుడు. క్రైస్తవమున దృఢవిశ్వాసము గలవాడు. 1860లో అట్లాంటిక్ మంత్లీ పత్రికలో అతడు వ్రాసిన మూడు వ్యాసములు డార్విను పూనికచే 1861లో లండనున చిన్న పుస్తకముగ వెలువడినవి. 1876లో అవి డార్వినియానా యను సంపుటమున చేరినవి.

ఆ వ్యాసములలో రెండు వాదములు కలవు. ఒక కార్యమునకు భౌతికకారణము తెలిసినంతమాత్రమున సంకల్పము లేదని తేలదనునది మొదటిది. కుండకు ఉపాదానకారణమైన మట్టిని, తిరుగు చక్రమును ఎంత వివరించినను, నిమిత్తకారణమైన కుమ్మరి లేడని చెప్పినట్లు కాదనెడి మన తార్కికుల మార్గమునకు ఇది దగ్గఱగ నున్నది.

రెండవది ప్రవాహ దృష్టాంతము. ఏటవాలు నేలపై నీరు గురుత్వాకర్షణచే పాఱును. ఆ పాయలు పంటకాలువలవలె ఉపయోగకరమైన దారులలో, గురుత్వనియమమునకు అందని రీతిని సాగినచో, ఎవరో వానికి దారి నిర్ణయించిరని తలపవలెను. అట్లే భేదములకు కారణము తెలియనంతవఱకు, అవి మేలైన దారులలో నడపబడినవని యెంచుట తగునని గ్రే డార్వినునకు సూచించెను.

డార్విను 1868లో ప్రకటించిన పెంపుడు జంతువుల, మొక్కల భేదములను గూర్చిన గ్రంథమున దీనికి ప్రత్యుత్తరము కలదు. కొండచఱియనుండి రాలిన రాళ్లలో తగినవాని నేఱి శిల్పి యిల్లు కట్టెననుకొందము. ప్రతి రాయి రూపమునకును ప్రకృతినియమములే కారణము. కాని శిల్పికొఱకే అవి ఆ రూపమున రాలినవనుట యుక్తమా? పావురములను పెంచువాని వేడుకకై వాని ఈకలలో, గొంతులలో భేదములు ముందుగనే విధింపబడినవా? మిత్రుని మతమును అంగీకరింపగోరినను సాధ్యము కాకున్నదని అతడు అచ్చటనే వ్రాసెను.

గ్రే దృష్టాంతమున మఱియొక లోపము కలదు. గురుత్వనియమము పూర్తిగ తెలిసినదగుటచేతనే దానికి అందని పాయను గుర్తింపగలము. భేదముల నియమము నాడు తెలియనే తెలియదు. తెలియని నియమమునకు ఏది అందనిదో నిర్ణయించుట యెట్లు? అంతకంటె చిక్కైనది ‘కారణము తెలియనంతవఱకు’ అను నియమము. తెలిసిననాడు సంకల్పము తొలగునని దానివలన తోచును. కారణము తెలిసినను సంకల్పము తొలగదనుటయే కదా గ్రే మొదటివాదము! కావున దృష్టాంతము తన కర్త సిద్ధాంతమునే బలహీనపఱచినది.

చార్లెస్ కింగ్స్లీ యను మతాచార్యుని మార్గము వేఱు. తమంత తాము వికసింపగల మూలరూపములను దైవము సృజించెననుట, లోపము వాటిల్లినప్పుడెల్ల క్రొత్తగ సృజించెననుటకంటె తక్కువ ఉదాత్తము కాదని అతడు 1859లో డార్వినునకు వ్రాసెను. 1860 నాటి రెండవ ముద్రణమున డార్విను పేరు చెప్పక ఈ యభిప్రాయమును చేర్చెను. ఇందు నియమమంతయు దైవసంకల్పమే; అజ్ఞాతమైన మూలలో దైవమునకు ప్రత్యేకముగ చోటు చూపవలసిన పని లేదు.

1943లో లూరియా, డెల్‌బ్రుక్ అనువారు బాక్టీరియాలపై చేసిన ప్రయోగము ఈ తేడాను స్పష్టపఱచినది. వైరసును తట్టుకొను భేదములు వైరసు తగులకమునుపే పుట్టియున్నవనియు, భేదములు అవసరమును జూచి పుట్టవనియు దానివలన తేలినది. గ్రే ప్రవాహవాదమునకు అప్పుడు నిలువ నీడ లేకపోయినది. కింగ్స్లీ మాటకుగాని, గ్రే మొదటివాదమునకుగాని దానివలన హాని కలుగలేదు.

ఆస్తికుడు పరిణామవాది కావచ్చునా యని 1879లో ఒకరు లేఖ వ్రాసి యడుగగా, కావచ్చునని డార్విను బదులు వ్రాసి, కింగ్స్లీని, గ్రేను ఉదాహరించెను. తాను ఒప్పుకొనని వాదము చేసిన మిత్రుని నిజాయితీకి అది తగిన గౌరవము. నేడు గ్రేను చదువువారు దృష్టాంతపు సొగసునకు లోబడక, దానికి ముందున్న తర్కమునే ఆదరించుట మేలు. తెలియనిదానిపై నిలిపిన విశ్వాసము ప్రతి క్రొత్తవిషయమునకు వెఱవవలసినదే. ఆ భయమునుండి తప్పించు తర్కము గ్రే వ్యాసములలోనే కలదు.