తెరవని ఐదు తలుపులు

2024 జనవరి 2 సాయంత్రం సప్పోరో నుంచి వచ్చిన జపాన్ ఎయిర్‌లైన్స్ 516 విమానం టోక్యోలోని హనెడాలో దిగుతూనే, రన్‌వే మీదున్న కోస్ట్‌గార్డ్ విమానాన్ని ఢీకొని అంటుకుంది. నోటో భూకంప బాధితులకు సరుకులు తీసుకెళ్ళాల్సిన ఆ చిన్న విమానంలో ఆరుగురుంటే ఐదుగురు చనిపోయారు. పెద్ద విమానంలోని 367 మంది ప్రయాణికులూ, 12 మంది సిబ్బందీ ప్రాణాలతో బయటపడ్డారు. దీన్ని అద్భుతమంటే ఆ సిబ్బందిలోని తొమ్మిది మంది క్యాబిన్ క్రూ పనితనాన్ని తక్కువ చేసినట్టే.

ఆ ఎయిర్‌బస్ ఏ350కి ఎనిమిది తలుపులు. తెరిచినవి మూడు: ముందు రెండూ, వెనక ఎడమ వైపుదీ. మిగతా ఐదింటిని మూసి ఉంచడం దగ్గరే నాకు వాళ్ళ విద్య కనిపిస్తుంది. తలుపు తీసే ముందు కిటికీలోంచి బయటికి చూడాలి. మంట ఉందా? ఇంజన్ ఇంకా తిరుగుతోందా? మంట ఉన్న వైపు తీస్తే అది లోపలికే వస్తుంది. వెనక పొగ కమ్ముతోంది, పిల్లలు ఏడుస్తున్నారు, త్వరగా తియ్యమని జనం బతిమాలుతున్నారు. అలాంటప్పుడు పిడి మీద చెయ్యి వెయ్యకుండా ఉండటానికి ఎంత గుండె నిబ్బరం కావాలి!

మైకులూ ఇంటర్‌కమ్మూ మూగబోయాయి. వెనక ఉన్న సిబ్బందికి కాక్‌పిట్ నుంచి ఆదేశమే అందలేదు. అయినా ఆ ఎడమ తలుపు పనికొస్తుందని తమంతట తామే నిర్ణయించుకుని తీశారు. ముందు చక్రాలు విరిగి ముక్కు నేలకు ఆనడంతో తోక పైకి లేచింది, అక్కడి జారుడు బల్ల బాగా నిటారైంది. సామాను వదిలేయమని మెగాఫోన్లలో, గొంతెత్తి చెబుతూ, దాని మీదుగానే జనాన్ని దించారు.

ఇది ఆ క్షణంలో పుట్టే ధైర్యం కాదు. టేకాఫ్‌కీ ల్యాండింగ్‌కీ మన ఎదురుగా మడత సీటులో, చేతులు తొడల కింద పెట్టుకుని నిశ్శబ్దంగా కూర్చునే అమ్మాయిని చూసే ఉంటారు. విశ్రాంతి అనుకుంటాం. నిజానికి ఆమె ఆ కాసేపూ, ఇప్పుడేదైనా జరిగితే ఏ తలుపు, ఏ పిలుపు, సాయం కావలసినవాళ్ళు ఎవరు అని మనసులో వల్లె వేసుకుంటుంది. ప్రతిసారీ చేస్తుంది.

ఇక క్యాబిన్ క్రూ ఎంతమంది ఉండాలన్న లెక్క సంగతి. మన దేశంలోనూ అమెరికాలోనూ పెద్ద విమానాలకు స్థూలంగా 50 సీట్లకు ఒకరు ఉండాలి. 180 సీట్ల ఏ320లో నలుగురు, హైదరాబాద్ నుంచి మన చిన్న ఊళ్ళకు తిరిగే ఏటీఆర్‌లో ఇద్దరు. 40 మంది ప్రయాణికులకు ఒకరన్న కెనడా కూడా 2015లో, కావాలంటే 50 సీట్ల లెక్క ఎంచుకోవచ్చని కంపెనీలకు వీలిచ్చింది. సగం తలుపులతో 90 సెకన్లలో ఖాళీ చేయగలమని పరీక్షలో చూపించాలన్నది మరో నిబంధన. 2006లో హాంబర్గ్‌లో ఏ380 నుంచి 873 మంది 78 సెకన్లలో దిగారు. కానీ ఆ పరీక్షలో మంట లేదు, పొగ లేదు. హనెడాలో కెప్టెన్ చివరిగా దిగేసరికి సుమారు 18 నిమిషాలైంది.

369 సీట్ల ఆ విమానానికి 50 లెక్కన ఎనిమిది మంది చాలు. ఉన్నది తొమ్మిది మంది. ఎనిమిది తలుపులకూ తలా ఒక మనిషి, పైన ఒకరు. సీట్లతోపాటు తలుపులనూ లెక్కలోకి తీసుకోవాలి. కనిష్ఠాన్నే గరిష్ఠంగా చూసే కంపెనీలను నియంత్రణ సంస్థలు ఒప్పుకోకూడదు.

మన వంతుగా చేయాల్సింది చిన్నదే. సీట్లో కూర్చోగానే దగ్గరి తలుపుకు ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టండి. తలుపు దగ్గరి అమ్మాయి బ్యాగు వదిలేయమంటే, అక్కడే వదిలేయండి.